మైకు మేస్త్రీ ఎడమ చెయ్యి

మా వదినతో పెట్టుకోవద్దని నేను అందరికీ చెబుతూనే ఉంటాను. ఎవరూ వినరు. ఆవిడ అరవదు, తిట్టదు, నడుం బిగించి వీధిలోకి రాదు. నవ్వి ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడమే ప్రమాదం. పక్కింటావిడ రోజూ తన వాకిట్లో చెత్తను మా గేటు పక్కకు ఊడ్చేసేది. వదిన ఒక్క మాట అనలేదు. ఆ చెత్తంతా ఒక సంచిలో పోగు చేసి ఉంచింది. ఆవిడింటికి కొత్త వియ్యాలవారు దిగిన రోజు ఆ సంచికి రంగు కాగితం చుట్టి, "మీవి మా ఇంట్లో ఉండిపోయాయండీ" అని వాళ్ళందరి ముందూ ఆవిడ చేతిలో పెట్టి వచ్చింది. ఆ తరవాత మా గేటు దగ్గర ఆకు రాలడానికి కూడా భయపడింది.

అలాంటి మనిషి మీద మైకు మేస్త్రీ అబద్ధం చెప్పాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అని ఊరికే అన్నారా!

వదిన మా అన్నయ్య భార్య. మా ఇంట్లో అమ్మా అన్నయ్యా తప్ప అందరం ఇనప పైపుల షెడ్డులోనే పనిచేసేవాళ్ళం. నేను ప్యాకింగ్‌లో, మా తమ్ముడు లోడింగ్‌లో. వదిన మొదట అక్కడికి ఊడ్చే పనికి వచ్చింది. ఊడుస్తూ ఊడుస్తూ తల పైకెత్తి క్రేన్ వంక చూసేది. షెడ్డు కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ నడిచే క్రేన్ అది. దానికి వేలాడుతూ చిన్న గాజు గది, అందులో ఆపరేటరు. పాత ఆపరేటరు రిటైరయ్యే ముందు ఒకనాడు "ఎక్కుతావా అమ్మాయ్?" అని నవ్వులాటకు అడిగాడు. వదిన చీపురు గోడకు ఆనించి నిచ్చెనెక్కేసింది. పట్టుబట్టి నేర్చుకుంది, పరీక్ష ప్యాసైంది, ఆ గాజు గది ఆవిడదైంది. అంత బరువు పైపుల కట్టను బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు పెట్టినంత మెత్తగా దించేది. "మా కోడలు మేడ మీద కూర్చుని పనిచేస్తుంది" అని అమ్మ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకునేది.

కింద నిలబడి ఆవిడకు సైగలు చేసేవాడు మైకు మేస్త్రీ. పుట్టగానే మైకు మింగాడని జనం అనుకునేవారు, నోరు అంత పెద్దది. అయితే క్రేన్ మోతలో నోటితో ఏం పని? అక్కడ చెయ్యి మాట్లాడాలి. 'ఆపు' అనాలంటే చెయ్యి భుజం ఎత్తున బారుగా చాపాలి. ఆయనగారికి అంత శ్రమ ఎందుకు! కుడిచేతిలో ఎప్పుడూ ఫోను. ఎడమ చెయ్యి నడుం దగ్గర పెట్టుకుని, బిచ్చం వేసినట్టు వేళ్ళు విప్పేవాడు. పైపెచ్చు షెడ్డుకు ఆయన సొంత చట్టం ఒకటి: దించమని ఒక్కసారి చెబితే దించుతూనే పోవాలి, తను ఆపమనేదాకా ఆగకూడదు. చెయ్యి కనపడక వదిన మధ్యలో ఆపినప్పుడల్లా కిందనుంచి కేకలు.

"లారీలు నిలబడిపోయాయ్! మహారాణిగారు పైన నిద్రపోతున్నారా?"

ఆపినందుకు రెండుసార్లు మేనేజరుకు ఫిర్యాదు కూడా చేశాడు. ఇక ఆవిడ ఆపడం మానేసింది. షెడ్డంతా ఆ పద్ధతికే అలవాటు పడిపోయింది. ఇలాంటి అలవాట్లు ఏదో ఒకరోజు ఎవరినో ఒకరిని మింగేదాకా బాగానే ఉంటాయి.

మింగింది మా తమ్ముణ్ణి. కట్ట దిగుతోంది. దాని కింద చెక్క దిమ్మలు వంకరగా ఉన్నాయని వాడు వంగి సరిచేస్తున్నాడు. మెడలో ఎర్ర రుమాలు, వాడి గుర్తు అది. అదే సమయానికి వెనకనుంచి ఎవడో లారీ డ్రైవరు మేస్త్రీని కేకేశాడు. మేస్త్రీ అటు తిరిగి వాడితో వాదన పెట్టుకున్నాడు. కట్ట దిగుతూనే ఉంది. తమ్ముడి కుడిపాదంలో సగం పోయింది.

విచారణలో మేస్త్రీ ఏమన్నాడో షెడ్డులో గోడలకు కూడా కంఠతా వచ్చు. "ఆపు అని చెయ్యి చూపించా సార్! ఆవిడ చూళ్ళేదు. దానికి కళ్ళు లేవు సార్!" చుట్టూ పనిచేసేవాళ్ళంతా కుక్కిన పేనుల్లా ఊరుకున్నారు. రేపు మళ్ళీ అదే మేస్త్రీ కింద పనిచెయ్యాలి కదా. లారీ డ్రైవరు ఎప్పుడో వెళ్ళిపోయాడు. నేను గోడకు అవతల ప్యాకింగ్‌లో ఉన్నాను. తమ్ముడు "నేను తల వంచుకుని ఉన్నా, నాకేం తెలుసు" అన్నాడు, అది నిజమే. వదినను గాజు గదిలోంచి దించేశారు. తమ్ముణ్ణి గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు.

అమ్మ ఆ మాటనే పట్టుకుంది. "కళ్ళు నెత్తికెక్కి నా కొడుకు కాలు తీసేసింది" అంది. అన్నదే తడవు వదినతో మాట మానేసింది. ఒకే ఇల్లు, ఒకే వంట, మధ్యలో నేను టపా. వదిన రెండడుగుల దూరంలో నిలబడి ఉంటే కూడా, "ఉప్పు తక్కువైందని ఆవిడతో చెప్పు" అనేది నాతో. వదిన చెవిటిదా? అన్నయ్య అటు తల్లి, ఇటు పెళ్ళాం, గోడ మీద పిల్లి. వాణ్ణి తిట్టి లాభం లేదు.

ఒకసారి నేను ఉండబట్టలేక అడిగాను. "పోనీ ఇంకో షెడ్డులో క్రేన్ ఎక్కవచ్చు కదా వదినా?"

"ఎక్కొచ్చు. దానివల్ల నా కోపం దిగదు పిల్లా. ఆ కళ్ళు లేవన్న మాట వాడి నోటితోనే, మీ అమ్మ వింటుండగా, వాడి నెత్తిన పడాలి. అప్పటిదాకా నాకు నిద్ర పట్టదు" అంది. పప్పు గరిటెతో తిప్పుతూ మామూలుగానే అంది.

తరవాత ఆవిడ ఒక శిక్షణ కంపెనీలో చేరింది. ఫ్యాక్టరీలకు వెళ్ళి, వీఆర్ హెడ్‌సెట్లు పెట్టి పనివాళ్ళకు ప్రమాదాల గురించి పాఠాలు చెప్పే కంపెనీ అది. హెడ్‌సెట్లు తుడవడం, ఛార్జింగ్ పెట్టడం, పనివాళ్ళ తలలకు బిగించడం వదిన పని. వాటిని పెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చేది. అమ్మ వాటిని మొహానికి కట్టే డబ్బాలు అనేది, అదీ నాతోనే.

ఒక ఆదివారం పొద్దున్న బల్ల మీద వాటిని వరసగా పెట్టి మెత్తని గుడ్డతో అద్దాలు తుడుస్తోంది. నేను ఒకటి ఎత్తి చూశాను.

"దీని వైరేది వదినా? ఎక్కడ తగిలిస్తారు?"

"ఎక్కడా తగిలించరు. అదే దీని గొప్ప. పక్కన కంప్యూటర్ అక్కర్లేదు, కాళ్ళకు తీగలు అడ్డం పడవు. తెర, బ్యాటరీ, బుర్ర అన్నీ ఇందులోనే. సంచిలో వేసుకుని ఎక్కడికైనా పోవచ్చు. తలకు తగిలిస్తే క్యాంటీన్‌లో కూడా షెడ్డు కనిపిస్తుంది. వంగితే నేల, తలెత్తితే క్రేన్. వెనకనుంచి ఎవడైనా పిలిచాడనుకో, అచ్చంగా వెనకనుంచే వినిపిస్తుంది."

"అబ్బో! అయితే లోపాలే లేవన్నమాట."

"లేకేం, బోలెడు. రెండు గంటలు వాడేసరికి బ్యాటరీ నీరుకారిపోతుంది. బరువంతా ముందుకే, కాసేపటికి ముక్కు మీద ఇటుక పెట్టినట్టుంటుంది. చెమట పడితే అద్దాలకు ఆవిరి. చిన్న బుర్ర కదా, పెద్ద కంప్యూటరుకు కట్టిన వాటిలో ఉన్నంత నున్నగా బొమ్మ రాదు, పైపులు కాస్త మొద్దుగా కనిపిస్తాయి. చీకటి గదిలో దీనికి దారి తెలీదు. బోసి తెల్లగోడ ఎదురైతే తికమకపడుతుంది. అద్దాలు ఎండకేసి పెట్టి మర్చిపోయామా, తెర మాడి మచ్చ పడుతుంది. కొందరికి కళ్ళు తిరిగి కక్కుకుంటారు కూడా."

"మరి ఇన్ని లోపాలున్నదాన్ని నెత్తిన పెట్టుకోవడమెందుకు?"

"మీ అన్నయ్యకు మాత్రం లోపాల్లేవా?" అని, తుడుస్తున్న గుడ్డ ఆపింది. "ఇంకొకటుంది. చేతుల్ని చూసే కెమెరాలు దీని మొహానికే ఉంటాయి. తల ముందున్న చెయ్యే దీనికి చెయ్యి. తల అటు తిప్పి, ఇటు నడుం దగ్గర వేళ్ళు ఆడించావనుకో, ఆ చెయ్యి దీనికి లేనట్టే."

చెప్పి నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. పక్కింటావిడ చెత్తకు రంగు కాగితం చుట్టినప్పుడు నవ్విన నవ్వే అది.

ఆ రోజుల్లోనే వాళ్ళ కంపెనీ క్రేన్ సైగల పాఠం తయారుచేస్తోంది. హెడ్‌సెట్ పెట్టుకున్నవాడు వట్టి చేతులతో సైగ చేస్తే లోపలి క్రేన్ దానికి తగ్గట్టు కదలాలి. షెడ్డు ఎలా ఉంటుందో చెప్పడానికి వదినను కూర్చోబెట్టుకున్నారు. సైగ కనపడకపోతే క్రేన్ తనంతట తనే ఆగిపోవాలని వాళ్ళు రాశారు. నియమం అదే. వదిన ఒప్పుకుంది. ఒప్పుకుని, దాని పక్కనే రెండో పాఠం అడిగింది.

"చెడ్డ అలవాటున్న షెడ్డు కూడా చూపించాలి సార్. ఆపమనేదాకా దించడమే పద్ధతి అనే చోట్లు ఉన్నాయి. ఏమవుతుందో వాళ్ళ కళ్ళకు కనపడితేనే మానతారు."

వాళ్ళకు నచ్చింది. కట్ట కింద వంగి దిమ్మలు సర్దే మనిషిని పెట్టారు. వాడి మెడలో ఏం వెయ్యమంటారని అడిగితే, ఎర్ర రుమాలు అంది. వెనకనుంచి ఒక లారీ డ్రైవరు కేకను కూడా పెట్టించింది.

ఆ తరవాత ఎదురుచూసింది. తమ్ముడి పాదం పోయిన మూడో ఏడు మా షెడ్డువాళ్ళు భద్రతా వారం పెట్టి వదిన కంపెనీనే పిలిచారు. ఇంటివాళ్ళను కూడా రమ్మన్నారు. దెబ్బ తగిలినవాళ్ళకు ముందు వరసలో కుర్చీలు. తమ్ముడి పక్కన కూర్చోవడానికి అమ్మ వచ్చింది. వదిన ఉంటుందని తెలిసీ వచ్చిందంటే కొడుకు మీద ప్రేమే కారణం.

వదిన మా అందరికంటే ముందే క్యాంటీన్ హాలుకు చేరింది. ఎండ పడకుండా తెరలు లాగింది. లైట్లన్నీ వేసింది. బోసి గోడలకు పోస్టర్లు అతికించింది. బ్యాటరీలు నిండా ఎక్కించింది, అద్దాలకు ఆవిరి పట్టకుండా చిన్న ఫ్యాను పెట్టింది. హెడ్‌సెట్లో కనిపించేదంతా జనానికి కూడా కనిపించేలా గోడమీద పెద్ద తెర కట్టింది. హెడ్‌సెట్ లోపాలన్నిటికీ మందు వేసింది, ఒక్కదానికి తప్ప.

మైకు మేస్త్రీ వస్తూనే ఎత్తుకున్నాడు. "ఏం మహారాణీ, నేలమీదికి దిగావే?"

"అంతా మీ దయ మేస్త్రీ గారూ. మొదట మీరే చెయ్యాలి. సైగల్లో మిమ్మల్ని మించినవాళ్ళు ఇక్కడెవరున్నారు?"

పొగడ్తకు కరగని మేస్త్రీ ఇంకా పుట్టలేదు. మీసం దువ్వుకుంటూ ముందుకొచ్చాడు. వదిన హెడ్‌సెట్ బిగిస్తూ, వెనక వరసకు కూడా వినపడేలా చెప్పింది. "ఇది మన షెడ్డు పాత పద్ధతి. ఆపమనేదాకా దించుతుంది. చేతులు మొహానికి ఎదురుగా, భుజం ఎత్తున చూపించండి. నడుం దగ్గర చేస్తే దీనికి కనపడదు."

"ఊరుకోవమ్మా! నాకు సైగలు నేర్పిస్తావా? నువ్వు చీపురు పట్టుకున్ననాడు నేను ఇక్కడ మేస్త్రీని."

మొదలైంది. గోడ మీద మా షెడ్డు, మా క్రేన్, మా పైపులు. జనం చూస్తున్నారని మేస్త్రీ బుద్ధిగా చేతులు బారుగా చాపి సైగలు చేశాడు. మొదటి కట్ట చక్కగా దిగింది. చప్పట్లు కొట్టారు. రెండోదీ దిగింది. వీడు ఇంత బుద్ధిమంతుడయ్యాడేమిట్రా బాబూ అనుకుని వదిన వంక చూశాను. ఆవిడ తొణకలేదు. తమ్ముడి వంక చూస్తోంది.

మూడో కట్ట. మేస్త్రీ దించమని చెప్పాడు. కట్ట కింద ఎర్ర రుమాలు మనిషి వంగాడు. వెనకనుంచి గట్టిగా కేక: "ఏమయ్యా మేస్త్రీ! నా లారీ ఎప్పుడొదులుతావ్?"

మేస్త్రీ గిరుక్కున తిరిగాడు. "ఉండవయ్యా! నీ ఒక్కడి లారీయేనా ఏమిటి?" అని అరిచాడు. కుడిచెయ్యి చెవి దగ్గరికి పోయింది, ఫోను లేకపోయినా సరే. ఎడమ చెయ్యి నడుం పక్కకు జారింది. అక్కడ వేళ్ళు విప్పాడు, బిచ్చం వేసినట్టు. హాల్లో ఉన్నవాళ్ళందరి కళ్ళముందూ విప్పాడు. లోపలి క్రేన్‌కు ఆ చెయ్యి లేనే లేదు. గొలుసులు గరగరలాడుతూ కట్ట దిగుతూనే ఉంది. చివరికి ఒక అరుపు. మేస్త్రీ ఇటు తిరిగేసరికి పైపుల కింద ఎర్ర రుమాలు ఒక్కటే కనిపిస్తోంది.

"ఆపు అని చెయ్యి చూపించా కదా! చూపించా! దీనికి కళ్ళు లేవు!" అని కేకలు పెట్టాడు.

అన్న మాట తన చెవికే తగిలిందేమో, హెడ్‌సెట్ లాగేసి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "ఇది డొక్కు సరుకు" అని గొణిగాడు. "లోపం దీంట్లో ఉంది."

"ఉంది మేస్త్రీ గారూ" అంది వదిన. ఎంత నెమ్మదిగా అందో! "నడుం దగ్గర చేసింది దీనికి కనపడదు. నాకూ కనపడలేదు. ఇది కొత్తది కాబట్టి ముందే చెప్పాను. మీ చెయ్యి కనపడక నేను ఎన్నిసార్లు క్రేన్ ఆపానో మీకే తెలుసు."

అప్పుడు అమ్మ లేచింది. అలవాటుగా నా వైపు తిరిగి, "ఆవిడతో చెప్పు" అని మొదలుపెట్టి ఆగిపోయింది. వదిన దగ్గరికి తనే నడిచింది.

"నువ్వు కూర్చున్న చోటు నాకు చూపించు" అంది.

పైనుంచి చూసే పాఠం కూడా అందులో ఉంది. వదిన అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, జుట్టు చిక్కుకోకుండా పక్కకు తీసి, హెడ్‌సెట్ పెట్టింది. అమ్మ రెండు చేతులతోనూ కుర్చీని గట్టిగా పట్టుకుంది.

"అమ్మో, ఎంత ఎత్తే! మనుషులు చీమల్లా ఉన్నారు. అడుగో, ఎర్ర రుమాలు... వాడేనా? వాడు వంగాడే! ఏడీ మేస్త్రీ? వీపు తప్ప ఏం కనపడట్లేదు. చెయ్యేదిరా? చెయ్యెత్తరా దుర్మార్గుడా, నా పిల్లాడు కిందున్నాడు! చెయ్యెత్తు!"

వదిన చటుక్కున ఆపేసింది. చివరిదాకా చూపించలేదు. ఎంత పగ ఉన్నా ఆవిడకు అక్కడో గీత ఉంది. అమ్మ హెడ్‌సెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. తరవాత లేచి మేస్త్రీ ముందుకు వెళ్ళింది.

"మూడేళ్ళు నా కోడల్ని నేనే తిట్టుకున్నాను. నీ నోరు చాలక నా నోరు కూడా వాడుకున్నావు కదరా."

మైకు మింగినవాడు తలుపు ఎటుందా అని చూశాడు. వెనక వరసలో ఒకడు లేచి, ఆ రోజు కూడా చెయ్యి నడుం దగ్గరే ఉందన్నాడు. ఇంకొకడు అవునన్నాడు. ఆ తరవాత ఎవడి నోరూ ఆగలేదు. మూడేళ్ళు ఏ గూట్లో దాచుకున్నారో ఈ మాటలు! వాళ్ళనూ నేను క్షమించలేదు, అది వేరే సంగతి.

షెడ్డువాళ్ళు వదినకు గాజు గది తిరిగి ఇస్తామన్నారు. మేస్త్రీని సైగల పనిలోంచి తప్పించి, హెడ్‌సెట్ పాఠం తప్పులేకుండా పూర్తి చేసేదాకా మళ్ళీ క్రేన్ దగ్గరికి రానివ్వమన్నారు. వదిన గాజు గది వద్దంది. "మేస్త్రీ గారికి పాఠం చెప్పే పని నాకివ్వండి, చాలు" అంది.

ఇంట్లో ఇప్పుడు అమ్మ వదినతో నేరుగా మాట్లాడుతుంది. "అమ్మాయ్, కూర ఎలా ఉంది?" అని ప్రేమగా అడుగుతుంది. వదిన నా వైపు తిరిగి, "ఉప్పు సరిపోయిందని ఆవిడతో చెప్పు పిల్లా" అంటుంది.

"ఎన్నాళ్ళు వదినా ఇలా?" అని అడిగాను.

"ఆవిడకు పట్టినంత కాలం నాకూ పట్టనీ. తొందరేముంది?"

వారానికోసారి మేస్త్రీ క్యాంటీన్ హాలుకు వస్తాడు. మొన్న నేను టీ ఇవ్వడానికి వెళ్ళి తలుపు దగ్గరే ఆగిపోయాను. గేటు దగ్గర పని వదిలి తమ్ముడు కూడా వచ్చి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మేస్త్రీ చెయ్యి రెండు కట్టలదాకా భుజం ఎత్తున నిలుస్తోంది. వెనకనుంచి కేక వినపడగానే నడుం దగ్గరికి జారిపోతోంది. ఇన్నేళ్ళ అలవాటు మరి. జారిన ప్రతిసారీ కట్ట దిగుతుంది, అరుపు వినిపిస్తుంది, పైపుల కింద రుమాలు కనిపిస్తుంది.

"బ్యాటరీ అయిపోయినట్టుందమ్మా" అన్నాడు ఆశగా.

"మీ కోసం ఇంకోటి తెచ్చాను" అని వదిన జేబులోంచి తీసి తగిలించింది.

మేస్త్రీ ముఖమంతా చెమటతో తడిసిపోయింది. గొంతు బాగా తగ్గించి, మైకు కట్టేసినట్టు అడిగాడు. "చేస్తానమ్మా, ఎన్నిసార్లయినా చేస్తాను. ఆ ఎర్ర రుమాలు ఒక్కటి తీసెయ్యి. కళ్ళు మూసుకుంటే అదే కనపడుతోంది."

వదిన తమ్ముడి కాలి వంక చూసింది.

"మా మరిది పాదం మళ్ళీ మొలిచిన రోజున తీసేస్తాను మేస్త్రీ గారూ" అని, హెడ్‌సెట్ బెల్టు ఇంకొంచెం బిగించింది.